కాలికి తగిలిన తీగ — డాక్టరు రొనాల్డ్ రాస్ జీవితము

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 3:1–6, రూతు 2:1–12



తొలకరి వానలు పడి సీలేరు నీరు ఎఱ్ఱబారి, డొంకరాయి జలాశయము మెల్లమెల్లగా నిండుచుండగా మన కొండలు చూచువారికి ఎంతో సుందరముగా నుండును. అయితే ఆ పచ్చదనముతోకూడ మన యిండ్లకు మరియొకటి వచ్చునని తల్లులకు తెలియును. బడినుండి వచ్చిన బిడ్డ అన్నము వద్దని మూలను ముడుచుకొని పండుకొనును. దుప్పటిమీద దుప్పటి కప్పినను వణకు తీరదు. కొంతసేపటికి ఒళ్లు పెనమువలె కాలును. పిమ్మట చెమట పోసి జ్వరము దిగును. బిడ్డ లేచి ఆడుకొనుట చూచి తల్లి సంతోషించును. ఒక దినము విడిచి మరల అదే వణకు వచ్చును. మన పూర్వులు దీనిని మన్యపు జ్వరమనిరి. మైదానమునుండి ఉద్యోగముమీద ఇటు పంపబడువారు దీని పేరు విన్నంతనే జంకెడివారు.

ఈ జ్వరము దోమకాటువలన వచ్చునని నేడు మన బడిపిల్లలు సైతము చెప్పగలరు. అయితే 1897వ సంవత్సరము ఆగస్టు నెలవరకు భూమిమీద ఏ వైద్యుడును దానిని కన్నులార చూచి రుజువుపరచలేదు. మొదట అది కంటబడిన స్థలము మన తెలుగువారి నడుమనున్న సికిందరాబాదు. చూచిన మనిషి పటాలములోని ఒక వైద్యుడు, డాక్టరు రొనాల్డ్ రాస్. ఆయనకు ఆ మర్మము ఎట్లు దొరికెను? తెలివివలననా? శ్రమవలననా? లేక అనుకోకుండ జరిగిన యొక చిన్న సంగతివలననా? వెదకబోయిన తీగ కాలికి తగిలినదని మనము సామాన్యముగా చెప్పుకొందుము. ఆ మాటలో ఎంత సత్యమున్నదో ఈ మనుష్యుని జీవితమునుబట్టి ఈ నెల ధ్యానింపగోరుచున్నాము.

బాల్యము, చదువు

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరా పట్టణములో జన్మించెను. మీరటులో సిపాయీల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములే. ఆయన తండ్రి ఇండియా సైన్యములో గొప్ప అధికారి. ఎనిమిది సంవత్సరముల ప్రాయములో పిల్లవానిని చదువుకొరకు ఇంగ్లాండునకు పంపిరి. అతనికి పద్యములు వ్రాయుట యందును, బొమ్మలు గీయుట యందును, సంగీతమునందును మక్కువ ఎక్కువ. గణితమనిన మరింత ప్రీతి. వైద్యవిద్య మాత్రము తండ్రి కోరిక. కుమారుడు ఆ కోరికకు లోబడి లండనులో వైద్యము చదివెనే గాని చాల కాలము మనస్సు దానిమీద నిలువలేదు. 1881లో ఇండియా వైద్యశాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. తీరిక దొరికినప్పుడెల్ల కథలు, పద్యములు, లెక్కలు. ఇదియే ఆయన ఆనందము.

ఇట్టి మనిషి లోకమునకు మేలుచేయు గొప్ప వైద్యుడగునని ఆ దినములలో ఎవరును తలంచియుండరు. ఆయనయు తలంపలేదు.

కిటికీ యొద్దనున్న నీళ్ల తొట్టి

1883లో ఆయన బెంగుళూరులో పని చేయుచుండెను. ఉండుటకు మంచి బంగళా దొరికెను గాని దోమలు మెండు. తన గదిలో మిగతా గదులకంటె ఎక్కువ దోమలు ఏల ఉన్నవని ఆయన ఆలోచించి చూడగా, కిటికీ బయట ఒక నీళ్ల తొట్టి కనబడెను. అందులో దోమపిల్లలు వేలకొలది ఈదులాడుచుండెను. తొట్టిని బోర్లించగానే కొలది దినములలో దోమలు తగ్గిపోయెను. ఇది ఆయన వెదకి కనుగొనినది కాదు. కిటికీలోనుండి చూచినది మాత్రమే.

ఆయన పైనున్న ఒక అధికారి యొద్దకు పోయి, పటాలములో అంతటను ఇట్టి తొట్లను బోర్లించినయెడల అందరికిని సుఖమగునని చెప్పెను. ఆ అధికారి నవ్వి త్రోసివేసెను. దోమలు ఏదో యొక ప్రయోజనముకొరకే సృష్టింపబడినవనియు, సృష్టిక్రమమును మార్చుటకు మనమెవరమనియు, వాటిని సహించుటయే మన విధియనియు ఆయన ఉద్దేశము.

చదువరులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. ఆ అధికారి పలికినది భక్తివలె కనబడును. దేవుడు సృష్టించెను గనుక ఓర్చుకొనవలెనను మాటకు ఎవరు ఎదురు చెప్పగలరు? అయితే అది భక్తి కాదు; చూచుటకు ఇష్టము లేకపోవుట. మన సంఘములలోను ఇట్టి మాటలు వినబడుచుండును. బిడ్డకు జ్వరము వచ్చినది దేవుని చిత్తమనియు, ఏమి చేసినను జరుగవలసినది జరుగుననియు అందుము. దేవుని చిత్తము మనము ఆలోచించుట మానుటకు ఇయ్యబడిన సాకు కాదు. తొట్టిని చూపించినవాడును దేవుడే, దానిని బోర్లించుటకు చేతులిచ్చినవాడును దేవుడే.

తన మాటను తానే విడిచెను

మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడు గాలి అని అర్థము. బురదనేలలనుండి లేచు చెడు గాలివలన ఈ జ్వరము కలుగునని యుగయుగములనుండి జనులు నమ్మిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియా దేశములో జ్వరగ్రస్తుల రక్తమును సూక్ష్మదర్శినిలో చూచి, అందులో ఒక చిన్న జీవిని కనుగొనెను. దాని దేహములో నల్లని రేణువులు కనబడెను. ఈ నల్లని రేణువులను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథలో ముందుకు ఇవియే సాక్ష్యము పలుకును.

మన రాస్ ఆ సంగతిని మొదట నమ్మలేదు. తన రోగుల రక్తములో ఎంత వెదకినను ఆ జీవి ఆయనకు కనబడలేదు. గనుక లావెరాన్ పొరబడెనని తలంచి, ఈ జ్వరము కడుపులోని దోషమువలన కలుగునని వ్యాసములు కూడ వ్రాసెను. అచ్చులో పడిన తన మాటను వెనుకకు తీసికొనుట విద్వాంసులకు ఎంత కష్టమో మనకు తెలియును. పెద్దల సభలో ఒకసారి పలికిన మాటను మార్చుకొనుట మనకే కష్టము గదా!

1894లో ఆయన సెలవుమీద లండనునకు వెళ్లినప్పుడు డాక్టరు పాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుని కలిసికొనెను. బోదకాలునకు కారణమగు సన్నని పురుగు దోమ దేహములో పెరుగునని మాన్సన్ 1877లోనే చైనా దేశములో కనుగొనియుండెను. ఆయన రాస్‌ను సూక్ష్మదర్శిని ముందర కూర్చుండబెట్టి జ్వరరోగి రక్తములోని ఆ జీవిని చూపించెను. రాస్ చూచెను. చూచిన దినముననే తన పాత వాదమును విడిచిపెట్టెను. మలేరియా క్రిమికిని దోమకును ఏదో సంబంధముండునని మాన్సన్‌కు ఒక తలంపు కలిగియుండెను. ఆ తలంపును రుజువు చేయుటకు రాస్ పూనుకొని 1895లో మరల ఇండియాకు వచ్చెను. ఆయనను 19వ మద్రాసు పటాలమునకు వైద్యునిగా సికిందరాబాదునకు పంపిరి.

రెండు సంవత్సరముల వ్యర్థ ప్రయాస

సికిందరాబాదులో ఆయన దోమలను పట్టించి, వాటిచేత జ్వరరోగులను కుట్టించి, పిమ్మట ఒక్కొక్క దోమను సూదులతో చీల్చి సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. దోమ ఎంత చిన్నదో మనకు తెలియును. దాని కడుపునంతటిని మూలమూలలు వెదకుటకు గంటలు పట్టును. ఏమి వెదకవలెనో, అది ఎట్టి రూపములో ఉండునో, దోమ దేహములో ఏ భాగమున ఉండునో ఆయనకు తెలియదు. ఎరుగని ఊరిలో ఎరుగని మనిషిని వెదకునట్టి పని అది.

ఆయన పట్టించిన దోమలు ఊరిలో ఎక్కువగా దొరకు బూడిదరంగు దోమలును, చారల దోమలును. ఇవి మనుష్యుల మలేరియాను మోయునవి కావు. అది ఆయనకు తెలియదు. వందలకొలది దోమలను చీల్చెను, ఏమియు దొరకలేదు.

ఇంకొక పొరబాటును ఉండెను. దోమ ఒక్కసారి రక్తము త్రాగి, నీటిపై గ్రుడ్లు పెట్టి చచ్చుననియు, ఆ నీరు త్రాగిన మనుష్యునికి జ్వరము వచ్చుననియు మాన్సన్ భావము. గురువు చెప్పెను గనుక రాస్ దానినే పరీక్షించెను. దోమలు చచ్చిన నీటిని సమ్మతించిన కొందరికి త్రాగనిచ్చెను. నేటి కాలమున అట్టి పరీక్షకు ఏ వైద్యుడును సాహసింపరాదు. ఒకనికి కొంచెము జ్వరము కనబడగా రాస్ ఎంతో ఆశపడెను. అయితే మరల మరల చూడగా ఆ ఆశ నిలువలేదు. అప్పుడాయన తన ఆశను పట్టుకొని వ్రేలాడక, నీటి సంగతిని విడిచి, కాటువైపు మనస్సు త్రిప్పెను. గురువునందు ప్రేమ తగ్గలేదు. ఉత్తరములు వ్రాయుట మానలేదు. గురువును గౌరవించుట వేరు, గురువు పొరబాటును గౌరవించుట వేరు.

1897 వేసవిలో ఆయన సెలవు తీసికొని ఉదకమండలము వెళ్లెను. అక్కడ సిగూరు కనుమ దిగి జ్వరపు స్థలములను చూడబోగా, మలేరియా ఆయననే పట్టుకొనెను. క్వినైను త్రాగి బ్రదికెను. ఆ కనుమలోనే ఆయన ఒక క్రొత్త రకపు దోమను చూచెను. దాని రెక్కలపై మచ్చలుండెను. గోడపై వ్రాలినప్పుడు మిగిలిన దోమలవలె గూనిగా కూర్చుండక, తలను క్రిందికి వంచి తోకను పైకెత్తియుండెను. అప్పటికి అది ఏమిటో ఆయనకు తెలియదు. అయినను మనస్సులో ఒక మూల దాచుకొనెను.

ఆగస్టు నెలలో జరిగిన సంగతి

జూను నెలలో రాస్ సికిందరాబాదునకు తిరిగివచ్చి బేగంపేట ఆసుపత్రిలో మరల పని మొదలుపెట్టెను. గాలి లేదు, ఉక్క చెప్పనలవి కాదు. పంకా లాగించినయెడల చీల్చిన దోమ ముక్కలు ఎగిరిపోవును గనుక పంకా లేకుండనే కూర్చుండవలెను. నొసటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను; దాని అద్దములలో ఒకటి పగిలియుండెను. ఈగలును దోమలును ఆయన కన్నులచుట్టు మూగుచుండెను.

దోమలను తెచ్చుటకు ఆయన కొందరు మనుష్యులను కూలికి పెట్టియుండెను. ఎప్పుడును తెచ్చు రకములు చాలవనియు, ఎక్కడ క్రొత్త రకము దొరికినను తెమ్మనియు వారితో చెప్పియుండెను. ఆగస్టు మధ్యలో వారిలో ఒకడు ఒక సీసాలో నీరును దోమపిల్లలును తెచ్చెను. అవి రెక్కలు వచ్చి బయటికి రాగా, వాటి రెక్కలపై మచ్చలు కనబడెను. ఆ దినములలోనే ఆసుపత్రిలో పనిచేయు సహాయకుడు గోడపై తోకయెత్తి కూర్చున్న చిన్న దోమను వ్రేలితో చూపించెను. ఆ సహాయకుని పేరు తాను మరచిపోయితినని రాస్ తరువాతి కాలమున విచారముతో వ్రాసెను.

సీసా తెచ్చినవాడు పండితుడు కాడు. గోడను చూపించినవాడు ఏ గ్రంథమును వ్రాయలేదు. అయితే దొర తమ మాట వినునని వారికి తెలియును. వినడని తెలిసినయెడల సీసా వచ్చెడిది కాదు, వ్రేలు లేచెడిది కాదు. ఇది మరువకుడి.

ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను జ్వరరోగిని తెరలో పరుండబెట్టి ఆ క్రొత్త దోమలచేత కుట్టించిరి. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చిరి. తరువాతి దినములలో రాస్ ఒక్కొక్క దోమను చీల్చి చూచెను. ఏమియు నిశ్చయముగా కనబడలేదు. కొన్ని దోమలు వాటంతటవే చచ్చెను. 20వ తేదీనాటికి బహు కొద్ది మిగిలెను. ఆ మధ్యాహ్నము ఆయన కన్నులు అలసియుండెను. మిగిలినదానిని చూచుటకు ఓపిక లేక విడిచిపెట్టుదునా అను తలంపు కూడ కలిగెను. అయినను కూర్చుండి చీల్చెను. దాని జీర్ణకోశపు గోడను ప్రక్కనుండి ప్రక్కకు నిదానముగా పరీక్షించుచుండగా, అంతకు మునుపు ఏ దోమలోను చూడని గుండ్రని కణము ఒకటి కనబడెను. ఆ ప్రక్కనే మరియొకటి. ఇంకను తేటగా చూడగా వాటిలో నల్లని రేణువులుండెను.

లావెరాన్ పదునేడు సంవత్సరములకు ముందు మనుష్యుని రక్తములో చూచిన రేణువులే అవి. మనుష్యునిలోని క్రిమి దోమ కడుపులో చేరి బ్రదికియున్నది! మరునాడు మిగిలిన దోమను చీల్చగా అందులోని కణములు మరింత పెద్దవై యుండెను. అనగా అవి పెరుగుచున్నవి. వెదకబోయిన తీగ కాలికి తగిలెను.

రాస్ ఆ వేళ దేవునికి కృతజ్ఞత తెలుపుచు కొన్ని పద్యపాదములు వ్రాసెను. ఏటేట ఆగస్టు 20వ తేదీని దోమల దినమని లోకమంతట జ్ఞాపకము చేసికొనుచున్నారు. బేగంపేటలో ఆయన పనిచేసిన కట్టడము ఆయన పేరుతో నేటికిని నిలిచియున్నది.

మూయబడిన తలుపు, తెరువబడిన కిటికీ

ఇంత గొప్ప సంగతి కనుగొనిన కొద్ది వారములకే ఆయనకు బదిలీ ఆజ్ఞ వచ్చెను. రాజపుటానాలోని ఖేర్వాడా అను చోటికి ఆయనను పంపిరి. అక్కడ మలేరియా రోగులు దొరకుటయే అరుదు. ఆయన ఎంతో దుఃఖపడెను. మాన్సన్ మొదలైనవారి ప్రయత్నమువలన 1898 ఫిబ్రవరిలో ఆయనను పరిశోధనకొరకు కలకత్తాకు పంపిరి. అక్కడను అడ్డంకి కలిగెను. అది ప్లేగు భయము ప్రబలిన కాలము. సూది చూచినంతనే జనులు పారిపోవుచుండిరి. వ్రేలినుండి ఒక చుక్క రక్తమిచ్చుటకు ఎవరును ముందుకు రాలేదు.

మనుష్యులు దొరకనప్పుడు ఆయన పిచ్చుకల తట్టు తిరిగెను. పక్షులకును మలేరియా వంటి జ్వరము కలదు. దానిని మోయునది ఏ దోమయని చూడగా, సికిందరాబాదులో రెండు సంవత్సరములు తనను విసిగించిన ఆ బూడిదరంగు దోమయే! మనుష్యుల విషయములో పనికిరానిదని త్రోసివేసినది పక్షుల విషయములో పనికివచ్చెను. నష్టమనుకొనిన ఆ రెండు సంవత్సరములలో నేర్చిన నేర్పంతయు ఇక్కడ ఫలించెను. 1898 జూలైలో ఆయన ఆ క్రిములు దోమ కడుపునుండి బయలుదేరి దాని లాలాజల గ్రంథులలో చేరుట చూచెను. రోగము నీటిద్వారా గాని గాలిద్వారా గాని రాదు. దోమ కుట్టునప్పుడు దాని ఉమ్మితోకూడ రక్తములో ప్రవేశించును. ఆరోగ్యముగల 28 పిచ్చుకలను అట్టి దోమలచేత కుట్టింపగా 22 పిచ్చుకలకు జ్వరము సోకెను. అదే సంవత్సరమున ఇటలీలో గ్రాస్సీయు ఆయన తోటివారును మనుష్యుల విషయములో మచ్చరెక్కల దోమయే కారణమని తేటపరచిరి.

రాస్ 1899లో ఇండియా విడిచి లివర్‌పూల్ పట్టణములో అధ్యాపకుడాయెను. పడమటి ఆఫ్రికా మొదలగు దేశములకు వెళ్లి నిలువ నీరు తీసివేయుమని బోధించెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను. చిన్ననాటి గణితము కూడ వ్యర్థము కాలేదు. జ్వరము పోవుటకు లోకములోని దోమలన్నియు చావనక్కరలేదనియు, ఒక మితమునకు తగ్గించినయెడల జ్వరము దానంతట అది అణగిపోవుననియు లెక్కలు వేసి చూపించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

అయితే ఆయన జీవితములో ఒక చీకటి మూల కలదు. దానిని దాచుట సత్యము కాదు. కనుగొనిన ఘనత ఎవరిదను విషయమై ఆయన గ్రాస్సీతో అనేక సంవత్సరములు వాదులాడెను. కఠినమైన వ్రాతలు వ్రాసెను. కూలివాడు తెచ్చిన సీసాను అంగీకరించిన చేయి తోటి పండితుని పనిని అంగీకరింపలేకపోయెను. చిన్న దోమ ముందర తెరువబడిన కన్ను సహోదరుని ముందర మూయబడెను. ఒకనాడు మనస్సు తెరచియుండిన మాత్రమున అది ఎల్లప్పుడును తెరచియుండదు. ప్రతి ఉదయమును దానిని దేవుని సన్నిధిలో తెరువవలెను.

మనకు నేర్పు పాఠము

మోషే హోరేబు కొండ దగ్గర మందను మేపుచుండగా ఒక పొద మండుట చూచెను. మన్యములో అగ్గి వింత కాదని మనకు తెలియును. వేసవిలో కొండవాలులపై మంట లేని రాత్రి యుండదు. మోషేకు కూడ మంటను చూచుట క్రొత్త కాకపోవచ్చును. అయితే పొద మండుచున్నను కాలిపోకుండుట ఆయన గమనించెను. త్రోవ విడిచి ఆ తట్టు వెళ్లెను. అతడు ఆ తట్టు తిరుగుట చూచిన తరువాతనే దేవుడు పిలిచెనని గ్రంథము చెప్పుచున్నది. మోషే తల వంచుకొని మంద వెనుక పోయినయెడల ఏమి యగును?

రూతు ఎవరి పొలమని యెరుగకయే పరిగె ఏరుకొనుటకు వెళ్లెను. అది బోయజు పొలమగుట ఆమె ఏర్పాటు కాదు. ఆమెకు అది అనుకోకుండ జరిగినది. ఆ అనుకోని సంగతినుండియే దావీదు వంశము బయలుదేరెను. అయితే ఆమె ఇంటిలో కూర్చుండి యేడ్చుచుండినయెడల ఆ పొలము ఆమెకు ఎదురు వచ్చెడిది కాదు.

లోకము దీనిని అదృష్టమనును. చీట్లు ఒడిలో వేయబడినను తీర్పు యెహోవా చేతిలో నున్నదని సామెతల గ్రంథమునుండి (16:33) నేర్చుకొనిన మనము దానిని దేవుని ఈవి అందుము. ఆ ఈవిని పొందుటకు మూడు సంగతులు కావలెనని రాస్ జీవితము చూపుచున్నది.

మొదటిది, పనిలో ఉండుట. అడవికి పోనివాని కాలికి తీగ తగులదు. దుంపలకు పోయినవానికి అడ్డాకు తీగ కనబడును. ఇంటి అరుగుమీద కూర్చుండినవానికి ఏదియు కనబడదు.

రెండవది, తన పాత మాటను విడుచుటకు సిద్ధపడుట. రాస్ లావెరాన్ విషయమై తన మాటను విడిచెను. నీటి విషయమై గురువు మాటను విడిచెను. విడువనిచో 20వ తేదీ వచ్చెడిది కాదు.

మూడవది, చిన్నవారి చేతినుండి తీసికొనుట. ఇది మన సంఘములకు మరి ముఖ్యము. పిల్లవాడు ఇది ఏల ఇట్లున్నదని అడిగినప్పుడు మనము గదమాయించి కూర్చుండబెట్టుచున్నాము. కోడలు ఒక క్రొత్త మాట చెప్పినయెడల పెద్దలకు కోపము వచ్చును. చదువు రాని సహోదరుడు సంఘ సభలో లేచినయెడల కూర్చుండుమని సైగ చేయుదుము. సీసా ఎవరి చేతిలో వచ్చునో మనకేమి తెలియును?

మన కొండలలో ఈ జ్వరమును మోయు దోమలలో ఒకటి నిలిచిన మురికినీటికంటె, సన్నగా పారు కొండవాగుల అంచులలోను, ఊట నీటిలోను ఎక్కువగా పెరుగును. మురికి లేదు గనుక దోమ లేదని తలంచువారు ఈ సంగతి గమనింపవలెను. సాయంకాలము గోడలను చూడుడి. తోకయెత్తి వాలుగా కూర్చున్నది కనబడినయెడల బేగంపేట సహాయకునివలె వ్రేలు చూపుడి. గోడలకు మందు చల్లువారు వచ్చినప్పుడు అలికిన గోడ పాడగునని తలుపు వేయకుడి. ఇచ్చిన దోమతెరను చేపలు పట్టుటకును, కూరపాదులకు కంచెగాను వాడక, బిడ్డల పడకమీద కట్టుడి. వణకు వచ్చిన దినముననే ఆశా కార్యకర్త యొద్దకు వెళ్లుడి. ఆమె వ్రేలికొననుండి ఒక చుక్క రక్తము తీసి కొద్ది నిమిషములలో చూచి చెప్పగలదు. ఆ చుక్క వెనుక హుసేన్ ఖాన్ కలడు, సీసా తెచ్చిన కూలివాడు కలడు, పేరు మరువబడిన సహాయకుడు కలడు, చెమట కారుచు కూర్చున్న రాస్ కలడు. ప్రార్థన చేయుదుము, రక్తము చూపింతుము. ఈ రెండును ఒకే దేవుని మాట వినుటయే. ఒకటి చేసి మరియొకటి మానుట విశ్వాసము కాదు.

సహోదరులారా, సహోదరీలారా, మనలో ఎవరి త్రోవప్రక్కనైనను నేడు ఒక పొద మండుచుండవచ్చును. అది పొలములోని తెగులు కావచ్చును, బడిలో వెనుకబడిన పిల్లవాడు కావచ్చును, ఇంటిలో ఎవరును పట్టించుకొనని చిన్న ప్రశ్న కావచ్చును. త్రోవ తప్పునని భయపడక ఆ తట్టు తిరిగి చూతము. తిరిగి చూచువానిని పేరు పెట్టి పిలుచు దేవుడు మనకున్నాడు.

ప్రార్థన

సర్వశక్తిగల తండ్రీ, మేము ప్రతిదినము చూచుచు గమనింపని వాటిని గమనించు కన్నులు మాకు దయచేయుము. మేము పలికినదే సత్యమను గర్వమునుండి మమ్మును తప్పించుము. చిన్నవారి చేతిద్వారా నీవు పంపు ఈవులను త్రోసివేయకుండ మా హృదయములను ప్రతి ఉదయమును తెరువుము. ఈ కొండలలో వణకుచున్న ప్రతి బిడ్డ పడకయొద్దను నీవుండుము. ఆ పడకయొద్దకు పోవు పాదములుగా మమ్మును వాడుకొనుము. మా ప్రభువైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.